గట్టా, గాడా?

"సంచి కింద పెట్టరా" అంది అక్క.

"పెట్టను."

"నా మీద ఒట్టు."

"నీ మీద ఒట్లన్నీ ఎప్పుడో ఖర్చయిపోయాయక్కా. స్కూలు ఎగ్గొట్టిన ప్రతిసారీ ఒకటి వాడేశాను."

వీధి తలుపు సగం తెరిచి ఉంది. తమ్ముడు గడప బయట, అక్క గడప లోపల. మధ్యలో గుడ్డసంచి. ఒక పట్టీ అతని చేతిలో, రెండో పట్టీ ఆమె చేతిలో. సంచి మాత్రం ఎవరి పక్షమూ తీసుకోకుండా వేలాడుతోంది.

కిటికీ పక్కన కుర్చీలో ఇంటాయన పేపరు చదువుతున్నాడు. చదువుతున్నాడంటే, పేపరును మొహానికి అడ్డం పెట్టుకున్నాడని అర్థం. బజార్లో ఆయన్ని అందరూ "భూతద్దం" అంటారు. పాత నాణేల కొట్టు ఆయనది. మెడలో నల్లతాడుకి భూతద్దం వేలాడుతుంటుంది. ఆయన కన్ను పెట్టాడంటే ఎంతటి నాణెమైనా తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకోవాల్సిందేనని పేరు. అంత పేరున్న మనిషి, సొంత బావమరిది సంచి సర్దుకుని గడప దాటుతుంటే కన్నెత్తి చూడటం లేదు.

"బావా, ఆఖరిసారి చెప్తున్నా. ఆ నాణెం మీది గీత నేను గీయలేదు."

పేపరు కదల్లేదు.

"గ్రేడింగ్ ఆఫీసువాళ్ళు చూశారు. అచ్చు పగులు అని చీటీ రాసి, ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి సీలు వేశారు. వాళ్ళకీ కళ్ళు లేవా?"

"కళ్ళుంటాయి. బస్తాలకి బస్తాలు చూసే కళ్ళు" అన్నాడు భూతద్దం పేపరు వెనక నుంచి. "ఒక్కోటి జారిపోతుంది. జారిపోయేలా గీసే చేతులూ ఉంటాయి."

"అంటే నా చేతులు."

"నా కొట్టుకి రాకముందు నువ్వేం పని చేశావు?"

"చెక్కుడు పని. ఇత్తడి మీద, స్టీలు మీద నేమ్‌ప్లేట్లు చెక్కాను. మీ కొట్టు బోర్డు చెక్కింది కూడా ఈ చేతులే. అప్పుడు ముద్దొచ్చాయి కదా?"

భూతద్దం పేజీ తిప్పాడు. జవాబు దొరకనివాడికి పేపరంత ఆసరా ఇంకోటి లేదు.

ఈ వ్యాపారంలో ఒక్క ముక్క తెలిస్తే సగం తెలిసినట్టే. టంకశాలలో నాణెం కొట్టే అచ్చు పగిలితే, ఆ పగుల్లోకి లోహం ఎక్కి, నాణెం మీద సన్నటి గట్టులా లేస్తుంది. అది టంకశాల తప్పు. అలాంటి తప్పున్న నాణేన్ని సేకరించేవాళ్ళు నెత్తిన పెట్టుకుంటారు. అదే బయటికొచ్చాక ఎవరైనా గీస్తే, గీత గాడిలా లోపలికి దిగుతుంది. అది దెబ్బ. దాన్ని ఎవరూ దేకను కూడా దేకరు. గాడిని ఎవడైనా చెక్కగలడు. గట్టును చెక్కడం మాత్రం ఎవడి తరమూ కాదు.

చిల్లర నాణేల గుట్టలో ఆ గీతున్న వెండి నాణేన్ని ఏరింది బావమరిదే. గ్రేడింగుకి పంపించిందీ అతనే. అది సీలు వేసుకుని తిరిగొచ్చేసరికి భూతద్దం నడుము పట్టేసి మంచంలో ఉన్నాడు. తిన్నగా తీసుకెళ్ళి, నాణేలు సేకరించే పళ్ళ డాక్టరుకి అమ్మిందీ అతనే. "చీటీ కాదయ్యా, నాణెం చూడాలి" అని ఊరందరికీ నీతులు చెప్పే పెద్దమనిషి, ఆ నాణేన్ని ఒక్కసారి కూడా కళ్ళారా చూడలేదు. చూసిందల్లా మొన్న పళ్ళ డాక్టరు ఫోన్లో పంపిన ఫొటో. అందులో గాడి. కాలవ తవ్వినట్టు, స్పష్టంగా గాడి.

డాక్టరు డబ్బు వెనక్కి అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. డబ్బుతో పోయేదానికి మనిషి పోయేవాడు కాదు. "మన నాణేల మండలిలో ఇలాంటి మనిషి ఉండకూడదండీ" అన్నాడంతే, మెత్తగా. చదువుకున్నవాళ్ళ కోపం అంతే. కేక వేయదు, గొంతు తగ్గిస్తుంది.

"మధ్యాహ్నం మండలిలో నా సంగతి ఎత్తుతారు" అన్నాడు తమ్ముడు అక్కతో. "రేపట్నుంచి నేను ఏ నాణెం పట్టుకున్నా 'దీన్నెక్కడ గీకావురా' అంటారు. ఆ మాట వినడానికి ఉండమంటావా?"

"వెళ్ళిపోతే, చేశాడు కాబట్టే పారిపోయాడంటారు."

"ఉంటే, చేసి కూడా సిగ్గులేకుండా ఉన్నాడంటారు. నోళ్ళదేముందక్కా, ఎటైనా తిరుగుతాయి."

ఆమె పట్టీ వదిలేసింది. సంచి అతని వైపుకి వాలిపోయింది.

చెప్పుల చప్పుడు మెట్ల మీద కాసేపు వినిపించింది, వీధిలో కలిసిపోయింది.

*

గిన్నెలు మోగితే భయం లేదు. మోగకపోతేనే భయం. ఇన్నేళ్ళ కాపురంలో భూతద్దం నేర్చుకున్న విద్య ఇదొక్కటే.

ఆ రోజు గిన్నెలు మోగలేదు. ఆమె కంచం పెట్టింది. నీళ్ళు పెట్టింది. వడ్డించింది. దూది మీద దూది పెట్టినట్టు పెట్టింది.

"నువ్వు తినవా?"

"తిన్నాను."

"ఎప్పుడు?"

"మీరు పేపరు నములుతున్నప్పుడు."

ఆయన రెండు ముద్దలు మింగాడు. మూడోది గొంతు దగ్గర ఆగి కూర్చుంది.

"వాడు చేశాడని నేను అనలేదు. చేసి ఉండొచ్చు అన్నాను."

"డాక్టరుతో ఏమన్నారు?"

ఆయన కూర కలుపుకోవడంలో పడ్డాడు.

"గోడలకి చెవులున్నాయో లేదో నాకు తెలీదు. పెళ్ళానికి ఉన్నాయి" అంది ఆమె. "'వాడి పనే అయుంటుంది డాక్టరుగారూ. ఇంక వాడికీ నా కొట్టుకీ సంబంధం లేదు. డబ్బీ పగలగొట్టి చూస్తానంటారా, భేషుగ్గా పగలగొట్టండి.' ఒక్క అక్షరం పొల్లు పోయిందా?"

"నా పరువు..."

"మీ పరువు, మీ కొట్టు, మీ మండలి. అన్నిటికీ మీరున్నారు. వాడికెవరున్నారు?"

ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది. బల్ల మీద చెయ్యి చాపింది.

"ఏదీ, ఆ ఫొటో చూపించండి. ఏ గీత కోసం నా తమ్ముణ్ణి గడప దాటించారో నేనూ చూస్తాను."

"నీకేం తెలుస్తుంది?"

"గుంటేదో మెట్టేదో తెలియడానికి పరీక్షలు రాయాలా?"

ఆయన ఎడమచేత్తో ఫోన్ తీసి తన ముందు పెట్టుకున్నాడు. రెండు వేళ్ళతో ఫొటోను పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. ఏదైనా పెద్దది చేసి చూడటం ఆయన వృత్తి. చివరికి తెరంతా గీత ఒక్కటే మిగిలింది. నాణెం మీది తల బొమ్మ, దాని ముక్కు, చెవి, అన్నీ తెర అంచులు దాటి బయటికి పోయాయి.

"చూడు. చెవి వెనక నుంచి అంచు దాకా అడ్డంగా. ఉలి పెట్టి లాగినట్టు."

ఆమె తన వైపు నుంచే వంగి చూసింది.

"ఏదీ గాడి?"

"ఇదే. నీ ముక్కు కింద."

"ఇదా? ఇది పైకి లేచి ఉంది కదా."

"కళ్ళజోడు పెట్టుకో."

"పెట్టుకునే ఉన్నాను. మీది తుడుచుకోండి."

"లోపలికి దిగిందే! నీళ్ళు పోస్తే నిలబడేలా ఉంది."

"నీళ్ళు పోస్తే అటూ ఇటూ జారిపోయేలా ఉంది. దిండు గలీబు కుట్టులా ఇంత ఎత్తున లేచి కనపడుతుంటే!"

తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాళ్ళు ఆ ఇంట్లో ఇద్దరూ ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చున్నారు.

"నీ తమ్ముడు కాబట్టి నీకలా కనిపిస్తోంది."

"నా తమ్ముడు కాబట్టే మీకలా కనిపిస్తోందేమో!"

ఆ మాట ఆయనకి ఎక్కడో తగిలింది. తగిలినట్టు కనపడకూడదని గ్లాసు ఎత్తి నీళ్ళు తాగాడు.

"నేను అబద్ధం చెప్పట్లేదండీ" అంది ఆమె. ఈసారి గొంతులో కోపం లేదు. "నిజంగానే పైకి కనిపిస్తోంది. ఒక్కసారి ఇటొచ్చి చూడండి."

"తినేటప్పుడు లేవమంటావా?"

"మా తమ్ముణ్ణి తినకుండానే పంపించారు."

ఆయన లేచాడు. ఎంగిలి చెయ్యి ఎత్తిపట్టుకుని బల్ల చుట్టూ తిరిగి, ఆమె కుర్చీ వెనక నిలబడి, భుజం మీదుగా వంగాడు.

గట్టు.

కళ్ళు చికిలించాడు. గట్టే. వేలితో తడిమితే తగిలేంత గట్టు.

మాట్లాడకుండా తన చోటికి వెళ్ళి చూశాడు. గాడి. మళ్ళీ ఇటొచ్చాడు. గట్టు. మళ్ళీ అటు వెళ్ళాడు.

"గానుగెద్దులా ఏమిటా తిరుగుడు? ఏమైంది?"

"లే" అన్నాడాయన.

"ఎందుకు?"

"నీ కుర్చీలో కూర్చోవాలి."

ఆమె లేచింది. ఆయన కూర్చున్నాడు. కుడిచెయ్యి పంచెకి తుడిచేసుకున్నాడు. ఇంకో రోజైతే ఆ పనికి ఇంట్లో యుద్ధం జరిగేది. వేళ్ళు దగ్గరికి లాగి ఫొటోను చిన్నది చేశాడు. గీత సన్నబడింది. చెవి వచ్చింది, బుగ్గ వచ్చింది, చివరికి తలంతా వచ్చింది, తలకిందులుగా. ఫోన్‌ను తిన్నగా తిప్పాడు. ఈసారి గీతను చూడలేదు. తలను చూశాడు. తల పక్కన నీడను చూశాడు.

గడ్డం కింద తెల్లగా మెరుస్తోంది. నడినెత్తి మీద నల్లటి నీడ.

"లైటు కింద నుంచి పడింది" అన్నాడు మెల్లగా.

"అయితే?"

"వెలుతురు పైనుంచి పడుతుందనుకుని చూస్తాం మనం. ఎవరమైనా. ఇది కింద నుంచి కొట్టింది. అందుకే గట్టు గాడిలా కనిపించింది. ఇదిగో చూడు, తల పైకి లేచి ఉంది కదా, దాని నీడ ఎటు పడింది?"

"పైకి."

"గీత నీడ?"

ఆమె వంగి చూసింది. "అదీ పైకే."

"రెండు నీడలూ ఒకే వైపు. గాడి అయితే దీని నీడ రెండో వైపు ఉండాలి." ఆయన ఫోన్ బల్ల మీద పెట్టాడు. "గట్టే. అచ్చు పగులే."

"లైటు కింద నుంచి ఎలా పడుతుంది?"

"పళ్ళ డాక్టరు దగ్గర కుర్చీలో పడుకున్నప్పుడు, లైటు ఎటునుంచి వస్తుంది?"

"కాళ్ళ వైపు నుంచి. గడ్డం కిందుగా నోట్లోకి."

"నాణేన్ని కూడా రోగిలాగే పడుకోబెట్టి ఫొటో తీశాడు మహానుభావుడు. వెంట్రుకంత గీత, దాని మీద డబ్బీ మెరుపు. చేత్తో పట్టుకుంటే ఏదీ తేలక ఫొటో తీసుంటాడు. నిజాయితీగానే తీశాడు, నిజాయితీగానే పంపించాడు." ఆయన మెడలోని భూతద్దాన్ని పక్కకి నెట్టాడు. "తిప్పి చూడాల్సినవాణ్ణి నేను. రేపు కొట్లో ఎవడైనా ఫొటో చూపించి ఇది దెబ్బండీ అంటే, 'నాణెం తెచ్చి మాట్లాడు' అని తరిమేసేవాణ్ణి."

ఆమెకి అనాల్సినవి చాలా ఉన్నాయి. అన్నీ ఒకేసారి గుమ్మం దగ్గరికొచ్చి ఇరుక్కున్నట్టున్నాయి.

ఆయన డాక్టరుకి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఈసారి మోగను కూడా లేదు. మండలి మొదలైతే అందరూ ఫోన్లు ఆపేస్తారు. ఆ నియమం పెట్టించింది భూతద్దమే.

"డబ్బీ పగలగొట్టేస్తాడు" అన్నాడు లేస్తూ. "పగిలితే ఆ సీలూ చీటీ చెల్లవు. అదైనా పోనీ. పళ్ళు గీకే ఇనపపుల్లతో లోతు చూపిస్తానన్నాడు. ఆ ఇనుము గట్టు మీద ఒక్కసారి నడిచిందంటే నిజంగానే దెబ్బ తగులుతుంది. ఇంక ఏది టంకశాలదో, ఏది డాక్టరుదో ఎవరూ తేల్చలేరు. వాడు జన్మలో నిరూపించుకోలేడు."

"నిరూపించుకోవాల్సింది వాడా?" అంది ఆమె.

ఆయన స్కూటరు తాళం కోసం జేబులు వెతుక్కుంటున్నాడు. తాళం ఆమె చేతిలోనే ఉంది. ఇచ్చింది. ఎటు వెళ్తున్నారని మాత్రం అడగలేదు.

సందు చివర కుడికి తిరిగితే మండలి హాలు. ఎడమకి తిరిగితే బస్టాండు.

*

బస్టాండులో ఆఖరి బెంచీ మీద బావమరిది కూర్చుని ఉన్నాడు. సంచి ఒళ్ళో ఉంది. స్కూటరు దిగి పరుగులాంటి నడకతో వస్తున్న బావని చూసి, చూడనట్టు మొహం తిప్పుకున్నాడు.

భూతద్దం పక్కన కూలబడ్డాడు. నడుము పట్టుకుని కాసేపు ఆయాసపడ్డాడు. ఫోన్ తీసి చాపాడు.

"గట్టేరా."

"తెలుసు."

"లైటు కింద నుంచి పడింది. ఫొటో తిప్పి చూస్తే..."

"బావా, నాణేన్ని గుట్టలోంచి ఏరింది నేను. గోటితో తడిమింది నేను. నాకు చెప్తున్నారా?"

ఫోన్ అలాగే గాల్లో ఉండిపోయింది. భూతద్దం దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

"ఇంటికి రా."

"గట్టు కనిపించింది కాబట్టి వచ్చారు" అన్నాడు బావమరిది, ఎదుట ఆగి ఉన్న బస్సు చక్రం వైపు చూస్తూ. "కింద లైటూ లేదు, పైన లైటూ లేదు, నిజంగానే గాడి అయుంటే? నేను కాక ఇంకెవడో గీసిన గాడి అయుంటే? అప్పుడు వచ్చేవారా?"

అబద్ధం భూతద్దం నాలుక చివర తయారుగా ఉంది. తియ్యగా ఉంది కూడా. మింగేశాడు.

"వచ్చేవాణ్ణి కాదు."

బావమరిది తల తిప్పి ఆయన వంక చూశాడు. ఇంటి గడప దగ్గర మొదలుపెట్టిన చూపు ఇప్పటికి పూర్తిగా ఆయన మీద పడింది.

"అక్క అయితే వచ్చేది."

"మీ అక్క ఫొటో చూడకముందే నమ్మింది. నాకా విద్య రాదురా. నాకు కళ్ళతో చూస్తేనే తెలుస్తుంది. అదీ ఈసారి సరిగ్గా చూడలేదు."

బస్సొకటి వెళ్ళిపోయింది. పొగ వాళ్ళిద్దరినీ ఒకేలా కమ్మింది. ఇద్దరూ ఒకేలా దగ్గారు.

"డాక్టరు ఏం చేస్తాడిప్పుడు?" అన్నాడు బావమరిది.

"డబ్బీ పగలగొడతాడు. ఇనపపుల్లతో గీత లోతు చూపిస్తాడట. ఈపాటికి మండలి మొదలయ్యుంటుంది."

"ఇనుమా?" లేచి నిలబడ్డాడు. సంచి జారి కింద పడింది. "వెండి మీద ఇనుమా? మీరు ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నాను."

"మతి ఉందా మీకు? అయితే ముందు హాలుకి పోవాలి కదా! అది ఆపాలి కదా! ఇక్కడేం చేస్తున్నారు?"

భూతద్దం తన అరచేతులు చూసుకున్నాడు.

"హాలు ఎక్కడికీ పోదు. నీ బస్సెప్పుడో నాకు తెలీదు."

బావమరిది బస్సుల బోర్డుల వైపు తిరిగాడు. కండక్టరు ఎక్కడివో ఊళ్ళ పేర్లు వరసగా అరుస్తున్నాడు. అందులో అతని ఊరూ ఉన్నట్టుంది. ఒకరిద్దరు లేచి పరిగెత్తారు. అతను వాళ్ళ వైపు చూశాడు. బస్సు వైపు చూశాడు. వంగి సంచి తీసి భుజాన వేసుకున్నాడు.

భూతద్దం బెంచీ మీంచి సగం లేచాడు.

"తాళం ఇవ్వండి" అన్నాడు బావమరిది, చెయ్యి చాపి. "మీరు నడిపితే రేపటికి చేరతాం."

*

స్కూటరు మీద వెనక కూర్చోవడం భూతద్దానికి అలవాటు లేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని, పట్టుకోవడానికేమీ దొరక్క, బావమరిది చొక్కా పట్టుకున్నాడు.

"అక్కడేం చెప్తారు?" అన్నాడు బావమరిది తల తిప్పకుండా.

"డాక్టరు పొరపడ్డాడని."

"డాక్టరా పొరపడింది?"

ఒక మలుపు గడిచింది.

"నేను పొరపడ్డానని."

"హారన్ల మోత. వినపడలేదు."

"నేను పొరపడ్డానని!"

పక్కన సైకిలు మీద వెళ్తున్న మనిషి ఉలిక్కిపడి, "అయితే నన్నేం చేయమంటారండీ?" అన్నాడు. బావమరిది భుజాలు కదిలాయి. నవ్వో, రోడ్డు మీద గుంతో, వెనక కూర్చున్నవాడికి తెలియలేదు.

మండలి హాలు లైబ్రరీ మేడ మీద. సంచి స్కూటరుకే తగిలించి వాళ్ళు సగం మెట్లెక్కేసరికి పైన ఠప్పుమని చప్పుడైంది. ప్లాస్టిక్ పగిలిన చప్పుడు. వందల డబ్బీలు అమ్మిన మనిషికి అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. నడుము సంగతి మర్చిపోయి రెండేసి మెట్లెక్కాడు.

హాల్లో మండలి అంతా బల్ల చుట్టూ మూగి ఉంది. తెల్లగుడ్డ పరిచి ఉంది. డబ్బీ రెండు చెక్కలై పడి ఉంది. చీటీ ఓ పక్కకి ఎగిరి పడింది. మధ్యలో నాణెం, ఆచ్ఛాదన లేకుండా, బుల్లిగా. దాని మీదికి వంగి పళ్ళ డాక్టరు. చేతిలో సన్నటి ఇనపపుల్ల.

"ఆగండి!"

అందరూ తిరిగారు.

"ఏమిటండీ, మీరు సరేనంటేనే కదా పగలగొట్టాను" అన్నాడు డాక్టరు, నొచ్చుకున్నట్టుగా.

"అన్నాను. చూడకుండా అన్నాను. వీడి పనే అయుంటుందన్నదీ చూడకుండానే." గుమ్మం దగ్గర నిలబడ్డ బావమరిదిని చేత్తో చూపించాడు. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "నాణెం చూడలేదు, ఫొటోని తిప్పి చూడలేదు, వీడి మొహం చూడలేదు. ఇన్నాళ్ళూ మీ అందరికీ చెప్పిన పాఠం నేనే తప్పాను. అది గాడి కాదు. గట్టు. అచ్చు పగులు."

గుసగుసలు లేచాయి. వెనక నుంచి ఒక స్టాంపుల వ్యాపారి, "బావమరిది కదూ! ఇంట్లో అన్నం పుట్టలేదేమో పాపం" అన్నాడు. నలుగురు నవ్వారు.

"పుట్టింది. గొంతు దిగలేదు" అన్నాడు భూతద్దం.

నవ్వు ఆగిపోయింది.

"మీ మాట మీద నాకు గౌరవముందండీ" అన్నాడు డాక్టరు. "మొన్న ఆ మాట మీదే ఈయన్ని తప్పుపట్టాను. ఇవాళ అదే మాట మీద వదిలెయ్యమంటున్నారు. మాటలొద్దు. దీన్ని ఒక్కసారి గీత మీద నడిపిస్తాను. లోపలికి దిగితే దిగింది, పైకెక్కితే ఎక్కింది."

పుల్ల మొన నాణెం మీదికి వచ్చింది.

"సార్." బావమరిది గుమ్మం దగ్గర నుంచి కదల్లేదు. "మీరే చూడండి. నేను ముట్టుకోను, మా బావ ముట్టుకోడు. కానీ ఇనుము వద్దు. అది గట్టయినా గాడయినా, ఇనుము తగిలిందంటే చివరికి మిగిలేది మీ గీతే. గోరు చాలు."

డాక్టరు అతని వైపు చాలాసేపు చూశాడు. పన్ను పీకాలా ఉంచాలా అని చూసే చూపు అది. ఎన్ని లోపాలున్నా ఆ మనిషి దగ్గర ఒక మంచి ఉంది. తొందరపడి పీకడని పేరు.

పుల్ల బల్ల మీద పెట్టేశాడు.

నాణేన్ని అంచులు పట్టుకుని ఎత్తాడు. సీలు లేదు. చీటీ నేల మీద ఎవరి చెప్పు కిందో ఉంది. ఎవరో రాసిచ్చిన తీర్పు అడ్డం లేకుండా ఆ నాణేన్ని ముట్టుకున్న మొదటి కొనుగోలుదారు ఆయనే. కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలి గోరు చెవి దగ్గర ఆనించి, మెల్లగా, పంటి మీద నడిపినంత మెల్లగా, గీత వైపు జరిపాడు.

గోరు గట్టుకి తట్టి ఆగింది.

ఆయన కళ్ళు తెరిచాడు. మొదట చూసింది భూతద్దం వైపు కాదు, గుమ్మంలో సంచి లేకుండా నిలబడ్డ మనిషి వైపు.